పళ్లిపట్టు ఎక్కడికీ పోలేదు

మా మేనత్తది పళ్లిపట్టు. పోయినసారి ఆడికృత్తికకు తిరుత్తణిలో కావడి మొక్కు తీర్చుకుని, వస్తూ వస్తూ ఆమె ఇంటికి వెళ్లాను. అన్నాలయ్యాక అత్త ట్రంకుపెట్టె తెరిచి, మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉన్న ఒక దస్తావేజు నా చేతిలో పెట్టింది. మామయ్య వాళ్ల నాన్న 1950ల్లో కొన్న అరెకరం తాలూకు కాగితం అది. గుండ్రటి తెలుగు రాత. మొదటి వరుసలోనే ‘చిత్తూరు డిస్ట్రిక్టు, తిరుత్తణి తాలూకా’ అని ఉంది. ఆ నేల ఇప్పుడు తమిళనాడులో, తిరువళ్లూరు జిల్లాలో ఉంది. అమ్ముదామని పోతే, కాగితంలో ఉన్న ఊరూ ఇప్పుడున్న ఊరూ ఒకటేనని రుజువు తెమ్మన్నారట ఒక ఆఫీసులో. తెలుగు కాగితానికి తమిళ తర్జుమా కూడా కావాలన్నారట. ఆ టెన్షన్‌లో మా బావ రెండు నెలలుగా తిరుగుతున్నాడు.

“మనూరు యాడికీ పోలేదు అల్లుడా. సర్కారే అటు పోయింది,” అంది అత్త, తమలపాకుకు సున్నం రాస్తూ.

తిరుపతికి తిరిగొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. ఒక ప్రాంతం ఒక ప్రభుత్వం చేతి నుంచి ఇంకో ప్రభుత్వం చేతికి పోయినప్పుడు ఊళ్ల పేర్లకు ఏమవుతుంది? లోకంలో చాలాచోట్ల రాత్రికి రాత్రి వందల పేర్లు మార్చేశారు. కొన్నిచోట్ల కొత్త పేరు నిలిచింది, పాత పేరు మ్యూజియానికి పోయింది. కొన్నిచోట్ల బోర్డు మీద కొత్త పేరుంది, నోట్లో పాత పేరుంది. ఈ తేడా ఎందుకొచ్చిందని వెతుక్కుంటూ పోతే చివరికి నాకు దొరికిన జవాబు గెలిచినవాడి బలంలో లేదు, పాత పేరు పలికేవాళ్లు ఆ ఊళ్లో మిగిలారా లేదా అన్నదాంట్లో ఉంది. దానికి ముందు మన గడప దగ్గరి కథ ఒకసారి చూద్దాం.

ఒకే ఇల్లు, నాలుగు జిల్లాలు

చిత్తూరు జిల్లా పుట్టిందే అతుకుల బొంతలా. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి కొంత, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు వైపు కొంత, కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు లాంటి జమీందారీల నేల కొంత కలిపి ఆ జిల్లా కుట్టారు. తిరుత్తణి అప్పుడే ఇందులోకి వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు జిల్లాతోపాటు తిరుత్తణి కూడా ఆంధ్రలోకి వచ్చింది.

అక్కడితో గొడవ మొదలైంది. మద్రాసు నగరం దక్కలేదని మనవాళ్లకు కడుపుమంట. తిరుపతి పోయిందని వాళ్లకు కడుపుమంట. మ.పొ. శివజ్ఞానం నాయకత్వంలో తమిళులు ఉత్తరపు హద్దు ఉద్యమం నడిపారు. వాళ్ల వాదనకు పెద్ద దన్ను ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం పాయిరం, అంటే దాని పీఠిక. తమిళం పలికే లోకానికి ఉత్తరాన వేంగడం, దక్షిణాన కుమరి హద్దులని అందులో ఉంది. వేంగడం అంటే మన తిరుమల కొండే. ‘వేంగడాన్ని వదలం’ అని వాళ్ల నినాదం. ఇటువైపు జనానికి ఆ మాట వింటేనే ఒళ్లు మండేది. రెండు వైపులా చెప్పేది అబద్ధం కాదు కాబట్టే అది అంత తెగని తగాదా అయింది. హద్దు ఊళ్లలో ఒకే ఇంట్లో తల్లి తెలుగు మాట్లాడితే కోడలు తమిళం మాట్లాడేది. ఇప్పటికీ అంతే.

చివరికి హెచ్.వి. పటాస్కర్‌ను మధ్యవర్తిగా పెట్టారు. ఆయన తాలూకాను కాకుండా గ్రామాన్ని లెక్కకు తీసుకున్నాడు. ఏ గ్రామంలో ఏ భాష వాళ్లు ఎక్కువ, ఆ గ్రామం ఏ వైపుకు ఆనుకుని ఉంది అని చూశాడు. ఆయన సిఫార్సుల మీద 1959లో పార్లమెంటు హద్దుల మార్పు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి, పళ్లిపట్టు వైపు ఊళ్లు మద్రాసు రాష్ట్రానికి వెళ్లాయి. చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు వైపు ఊళ్లు చిత్తూరు జిల్లాకు వచ్చాయి.

ఇందులో ఒక తమాషా ఉంది. 1960లో మన దేశ ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన పుట్టింది తిరుత్తణిలో, 1888లో. అంటే ఆయన ఆ పదవిలో ఉండగానే ఆయన పుట్టిన ఊరు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లింది. ఆయన ఇంటిపేరు మాత్రం నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లిదే. ఇంటిపేరు సంగతి మళ్లీ చెబుతాను.

అత్త లెక్క ప్రకారం ఆమె కదలకుండా కాగితాల మీద నాలుగు జిల్లాల్లో కాపురం చేసింది. మొదట చిత్తూరు. 1960 తర్వాత చెంగల్పట్టు. తర్వాత దాని పేరే చెంగై ఎంజీఆర్ జిల్లా అయింది. 1997లో దాన్ని రెండుగా చీల్చినప్పుడు తిరువళ్లూరు. ఇంత జరిగినా పళ్లిపట్టు పళ్లిపట్టుగానే ఉంది.

పేట వెళ్లి పేట్టై అయితే

అయితే అసలేమీ మారలేదా అంటే, మారింది. వినికిడి మారింది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ పేర్లు మారే పద్ధతుల్లో అన్నిటికన్నా మెత్తటిది, అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ఇదే. అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ట, డ లకు ఒకటే. ప, బ లకు ఒకటే. మాట మధ్యలో ఆ అక్షరం ఒంటరిగా వస్తే దాన్ని మెత్తగా గ, డ, బ లా పలుకుతారు. గట్టిగా పలకాలంటే దాన్ని రెట్టింపు చేసి రాయాలి. అందుకని మన ‘పేట’ వాళ్ల రాతలో ‘పేట్టై’ అవుతుంది, ‘కోట’ ‘కోట్టై’ అవుతుంది. మన ఊరి పేరే చూడండి. మనం తిరుపతి అంటాం, వాళ్లు ‘తిరుప్పది’ అంటారు. మధ్యలో ప గట్టిపడింది, చివర త మెత్తబడింది. బస్సు బోర్డు మీద ఆ పేరు చూసి తప్పు రాశారని నవ్వేవాళ్లను చూశాను. అది తప్పేమీ కాదు, ఆ లిపి అలవాటు.

మన అలవాటు మనకుంది. హల్లుతో ఆగిపోయే మాట మనకు నచ్చదు, చివర ఒక ఉకారం తగిలిస్తే గానీ నోటికి తృప్తి ఉండదు. వాళ్ల ‘ఊర్’ మనకు ‘ఊరు’ అయింది. చిత్తూర్ చిత్తూరు అయింది. వాళ్ల ‘మలై’ మనకు ‘మల’ అయింది. తిరుమల అనే పేరు తమిళ మాటకు తెలుగు తోక. కాళహస్తిని వాళ్లు ‘కాళత్తి’ అంటారు. ‘కండిగై’ మన వైపు ‘కండ్రిగ’ అయింది, సత్యవేడు, నాగలాపురం దారిలో ఎన్ని కండ్రిగలో లెక్కపెట్టలేం. ఈ మార్పుల్లో దేనికీ జీవో లేదు. ఏ కమిటీ కూర్చోలేదు. నోళ్లు ఆ పని చేసుకున్నాయి.

హద్దు దాటితే ఇంకో చిత్రం. తిరుత్తణి పక్కన ఆర్.కె. పేట్టై అని ఒక ఊరుంది. విప్పి చెబితే రామకృష్ణరాజుపేట. తెలుగు రాజు పేరు తమిళనాడులో రెండు ఇంగ్లీషు పొట్టి అక్షరాల వెనక దాక్కుని క్షేమంగా ఉంది. ఎవరికీ అభ్యంతరం రాలేదు, ఎవరూ విప్పి చదవరు కనక. ఇటువైపు మాత్రం రేణిగుంట, అరక్కోణం రైలు మార్గంలో వెంకటనరసింహరాజువారిపేట అనే స్టేషను పేరు ఒక్క అక్షరం తగ్గకుండా నిలబడి ఉంది. ఇంగ్లీషులో 28 అక్షరాలని, దేశంలో ఒకే మాటగా రాసే స్టేషను పేర్లలో ఇదే పొడుగని క్విజ్‌లలో అడుగుతుంటారు. తెలుగులో రాస్తే 13 అక్షరాలే. అందులో విశేషం ఏముందో మనవాళ్లకు అర్థం కాదు.

ఒక దేశం లోపల, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోతే జరిగేది ఇంతే. లిపి మారుతుంది, చివరి అక్షరం మారుతుంది. అదే దేశాల మధ్య అయితే?

ఒక మనిషి కూర్చుని రాసిన పేర్లు

ఆల్ప్స్ కొండల్లో దక్షిణ టిరోల్ అని ఒక ప్రాంతం ఉంది. జర్మన్ మాట్లాడే జనం. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. 1919లో జరిగిన సంధి ప్రకారం అది ఇటలీకి వెళ్లింది. పేర్ల కథ అంతకుముందే మొదలైంది. ఎట్టోరే తొలొమేయి అనే ఇటలీ జాతీయవాది, ఆ ప్రాంతం ఇంకా ఇటలీ చేతికి రాకముందే, 1916లో అక్కడి వేల ఊళ్లకు, వాగులకు, కొండలకు ఇటాలియన్ పేర్ల పట్టిక అచ్చేశాడు. నేల ఇంకా ఎదుటివాడి చేతిలో ఉండగానే బారసాల జరిపించేశాడన్నమాట. ముస్సోలినీ వచ్చాక 1923లో రాజశాసనంతో ఆ పేర్లే అధికారికమయ్యాయి.

తొలొమేయి పేర్లు ఎలా తయారుచేశాడో చూస్తే, లోకంలో ఎక్కడ పేర్లు మార్చినా వాడే ఉపాయాలన్నీ అక్కడే కనిపిస్తాయి. బ్రెన్నర్ చివర ఒక అచ్చు తగిలించి బ్రెన్నెరో చేశాడు. మనం ఊర్‌ను ఊరు చేసినట్టే, కాకపోతే ఇక్కడ ఆ పని చేసింది జనం నోరు కాదు, ఒక మనిషి కలం. మిట్టెవాల్డ్ అంటే జర్మన్‌లో నడిమి అడవి, దాన్ని ఇటాలియన్‌లోకి మార్చి మెజ్జాసెల్వా అన్నాడు. ఇన్నిఖెన్ ఊరికి అక్కడి చర్చి పునీతుడి పేరు పెట్టి సాన్ కాందిదో అన్నాడు. స్టెర్జింగ్‌కు మాత్రం రోమన్ల కాలంలో ఆ చోట ఉండిన విపితేనుం అనే పేరు తవ్వి తీసి విపితేనో అని పెట్టాడు. ఈ చివరి ఉపాయం చాలా తెలివైనది. ‘మేం కొత్త పేరు పెట్టడం లేదు, అసలు పేరు తిరిగి తెస్తున్నాం’ అనొచ్చు. ఎంత వెనక్కి వెళ్లాలన్నది మాత్రం వెళ్లేవాడి ఇష్టం. రోమన్ల దగ్గర ఎందుకు ఆగాలి, వాళ్లకన్నా ముందున్నవాళ్లు ఏమనేవారు అని ఎవరూ అడగరు.

పేర్లతోపాటు బడుల్లో జర్మన్ కూడా నిషేధించారు. తల్లిదండ్రులు ఇళ్లల్లో, కొట్టాల్లో రహస్యంగా పిల్లలకు జర్మన్ చెప్పించారు. భూగర్భ సమాధుల పేరు మీద వాటిని కాటకోంబ్ బడులనేవారు. 1939లో హిట్లర్, ముస్సోలినీ ఒక ఒప్పందానికి వచ్చి అక్కడి జనాన్ని తేల్చుకోమన్నారు. జర్మన్‌గా ఉండాలంటే జర్మనీకి వెళ్లిపోవాలి, ఉంటే ఇటాలియన్‌గా ఉండాలి. ఎక్కువమంది వెళ్తామనే సంతకం పెట్టారు. యుద్ధం అడ్డొచ్చి నిజంగా వెళ్లినవాళ్లు సుమారు 75 వేలే. మిగతావాళ్లు ఆ కొండల్లోనే ఉండిపోయారు.

నా లెక్కలో ఈ కథలో మలుపు అదే. జనం ఉండిపోయారు కాబట్టి బోజెన్, స్టెర్జింగ్, ఇన్నిఖెన్ నోళ్లల్లో బతికి ఉన్నాయి. 1946లో ఆస్ట్రియా, ఇటలీ మధ్య ఒప్పందం కుదిరినప్పుడు ఊళ్ల పేర్లు రెండు భాషల్లో ఉండాలని అందులో రాసుకున్నారు. ఇవాళ అక్కడి బోర్డు మీద బోల్జానో, బోజెన్ పక్కపక్కనే ఉంటాయి. కొండ బాటల్లో నాటే దారి బోర్డుల మీద ఏ పేరు రాయాలన్న తగవు మాత్రం ఈమధ్య దాకా నడిచింది. పోట్లాడేవాళ్లు ఉన్నారంటే పేరు బతికి ఉన్నట్టే.

రాజుకొండ

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు కథ. బాల్టిక్ సముద్రపు ఒడ్డున, జర్మనీకి చెందిన తూర్పు ప్రష్యాలో కోనిగ్స్‌బెర్గ్ అనే నగరం ఉండేది. ఆ మాటకు రాజుగారి కొండ అని అర్థం. 1255లో పుట్టిన ఊరు. తత్వవేత్త కాంట్ అక్కడే పుట్టాడు, అక్కడే పోయాడు. రెండో ప్రపంచ యుద్ధం చివర సోవియట్ సైన్యం దాన్ని పట్టుకుంది. 1946 జూన్ 3న సోవియట్ నాయకుడు మిఖాయిల్ కాలినిన్ చనిపోయాడు. నెల తిరగగానే, జులై 4న, కోనిగ్స్‌బెర్గ్ కాలినిన్‌గ్రాడ్ అయింది. చుట్టుపక్కల ఊళ్లదీ అదే దారి. తిల్సిత్ సోవియెత్స్క్ అయింది. ఇన్‌స్టెర్‌బుర్గ్‌కు, గుంబిన్నెన్‌కు యుద్ధంలో చనిపోయిన సైనికుల పేర్లు పెట్టారు.

వాటిలో ఒక చిన్న పట్నం సంగతి చెప్పకుండా ఉండలేను. దాని పాత పేరు స్టల్లుపోనెన్. ఆ మాట లిథువేనియన్‌లా వినిపిస్తోందని 1938లో నాజీలే దాన్ని ఎబెన్‌రోడె అని మార్చారు. నేల చేతులు మారలేదు, జెండా మారలేదు. తమ నేల మీద తమ పేరే తమకు పరాయిగా వినిపించింది. ఆ ఏడాది తూర్పు ప్రష్యాలో అలా వందల పేర్లు మార్చేశారు. ఎనిమిదేళ్లకు సోవియట్లు వచ్చి దానికి ఒక కర్నల్ పేరు మీద నెస్తెరోవ్ అని పెట్టారు. అక్కడి ముసలావిడ ఎవరైనా ఉంటే ఎనిమిదేళ్లలో మూడు పేర్ల ఊళ్లో కాపురం చేసినట్టు. కానీ ఆవిడ ఉండే అవకాశం లేదు, 1948కల్లా మిగిలిన జర్మన్లను దాదాపు అందరినీ రైళ్లెక్కించి పంపేశారు. రష్యా నలుమూలల నుంచి కొత్త జనాన్ని తెచ్చి దింపారు. వచ్చినవాళ్లకు పాత పేర్లతో పనేముంది?

పోలండ్‌కు దక్కిన జర్మన్ ప్రాంతాల్లోనూ ఇదే జరిగింది. ఆరు లక్షల పైచిలుకు జనంతో ఉండిన బ్రెస్లావ్ ఖాళీ అయి వ్రోత్స్‌వాఫ్‌గా నిండింది. వచ్చినవాళ్లలో చాలామంది, సోవియట్‌కు పోయిన తమ తూర్పు ఊళ్లను వదిలి వచ్చినవాళ్లే. ల్వూఫ్ పోగొట్టుకుని బ్రెస్లావ్‌కు వచ్చారు. 1946లో స్తానిస్వాఫ్ స్రోకోవ్‌స్కీ అనే భూగోళ శాస్త్రజ్ఞుడి ఆధ్వర్యంలో పేర్ల కమిటీ పెట్టారు. అది కొద్ది ఏళ్లలోనే సుమారు 32 వేల పేర్లు ఖాయం చేసింది. కమిటీ తేల్చేలోపు రైల్వేవాళ్లు ఒక పేరు, ఊరి అధికారులు ఒక పేరు, వచ్చి దిగిన జనం ఒక పేరు వాడుకున్న ఊళ్లున్నాయి. రైఖెన్‌బాఖ్ అనే పట్నానికి చివరికి యాన్ జెర్జోన్ అనే ఆయన పేరు మీద జెర్జోన్యూఫ్ అని పెట్టారు. ఆయన సేనాని కాదు, రాజు కాదు. తేనెటీగల మీద పరిశోధన చేసిన పాదిరీ. ఇన్ని పేరు మార్పుల్లో నాకు బాగా నచ్చినది ఇదొక్కటే.

జపాన్ చేతి నుంచి సోవియట్ చేతికి పోయిన దక్షిణ సఖాలిన్ కథ కూడా ఇదే ముక్క. వ్లదిమిరోవ్కా అనే రష్యన్ పల్లె జపాన్ కాలంలో తొయొహరా అయింది, 1946లో యూజ్నో సఖాలిన్‌స్క్ అయింది. జనం మారారు, పేరు మారింది, అడిగేవాడు లేడు.

లెక్క అంత సులువుగా తేలదు

జనం ఉంటే పాత పేరు ఉంటుంది, జనం పోతే పోతుంది. ఇంతవరకూ లెక్క బాగానే ఉంది. కానీ దేశ విభజన తర్వాత లాహోర్‌ను చూస్తే ఈ లెక్క తడబడుతుంది. అక్కడ హిందువులు ఎక్కువగా ఉండిన కృష్ణనగర్ అనే పేట ఉంది. 1947లో వాళ్లు వెళ్లిపోయారు. దాని పేరు ఇస్లాంపురా అని మార్చారు. అయినా లాహోర్‌లో ఆటో ఎక్కినవాళ్లు చాలామంది కృష్ణనగర్ అనే అంటారు. ఎందుకంటే ఆ పేటలోని ఇళ్లవాళ్లు పోయారు గానీ, ఆ పేటకు దారి చెప్పే మిగతా ఊరంతా అక్కడే ఉంది. ఒక పేరు అక్కడ కాపురం ఉన్నవాళ్ల సొత్తే కాదు. పాలు పోసేవాడిది, బండి తోలేవాడిది, పక్క వీధివాడిది కూడా.

ఇంకో తడబాటు కాలినిన్‌గ్రాడ్‌దే. అక్కడి రష్యన్ కుర్రకారు తమ ఊరిని ముద్దుగా ‘క్యోనిగ్’ అంటారు. వాళ్ల తాతలెవరూ జర్మన్లు కారు. అయినా చెరిపేసిన పేరులోంచి ఒక ముక్క ఊరి గోడల్లోంచి ఊటలా బయటికి వచ్చింది. మరోవైపు పోలండ్ పేర్ల కమిటీ 2023లో ఆ నగరాన్ని తమ భాషలో మళ్లీ క్రులేవియెత్స్ అనే పిలవమని సిఫార్సు చేసింది. అదీ రాజు మాట మీద పుట్టిన పేరే. లిథువేనియా వాళ్ల కరల్యావుచుస్ కూడా అదే. కాలినిన్ పక్కనున్నవాళ్లకు నచ్చలేదు, పాత రాజే నయమనుకున్నారు.

కాబట్టి నా లెక్కను కొంచెం సవరిస్తాను. ఊరి జనమే కాదు, ఆ పేరుతో పనున్న పొరుగువాళ్లు మిగిలినా చాలు.

దొరలు పెట్టినవి, దొరలకు పెట్టినవి

తెలుగు నేల మీద పరదేశీలు చేతులు మార్చుకున్న చోట్లు తక్కువేమీ కాదు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్లది. వాళ్ల కాగితాల్లో అది ‘యనావోఁ’. గోదావరి ఒడ్డున ఉన్న జనం ఏనాడూ అలా అనలేదు. జెండా దిగిన రోజున యానాం పేరు మార్చాల్సిన అవసరమే రాలేదు, ఎప్పుడూ యానామే కనక.

బందరులో ఇంకా బాగుంటుంది. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ముగ్గురూ అక్కడ వ్యాపారాలు పెట్టారు. హాలండు వాళ్లను మనవాళ్లు వలందులన్నారు, వాళ్లున్న చోటు వలందపాలెం. ఫ్రెంచివాళ్లు పరాసులు, వాళ్ల చోటు పరాసుపేట. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పక్కర్లేదు. పేరు పెట్టే పని దొరలకు వదల్లేదు, దొరలకే పేర్లు పెట్టి పేటల్లో కూర్చోబెట్టారు.

ఇక మద్రాసు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఆ తీరం మీద చోటిచ్చింది దామెర్ల నాయకులు. వాళ్లకు పై రాజు మనకు కూతవేటు దూరంలోని చంద్రగిరిలో ఉండేవాడు. దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీద చెన్నపట్నం వెలసిందని ఎక్కువమంది చెప్పే మాట. మద్రాసు కోసం తెలుగువాళ్లు, తమిళులు తలలు పగలగొట్టుకున్నారు. 1996లో పరాయి వాసన ఉన్న మద్రాసు అనే పేరు తీసేసి తమిళ ప్రభుత్వం పెట్టిన పేరు చెన్నై. ఒక తెలుగు నాయకుడి పేరు అలా తమిళ రాజధానికి శాశ్వతమైంది. దీన్ని విజయమనాలో, వెటకారమనాలో నాకైతే తెలియదు. మా అత్త మాత్రం ఇప్పటికీ ‘పట్నం’ అనే అంటుంది.

బ్రిటిష్‌వాళ్లు వెళ్లగానే అన్నీ మారిపోయాయనుకోవద్దు. పాకిస్తాన్‌లో పంజాబు లెఫ్టినెంట్ గవర్నరు పేరు మీదున్న లాయల్‌పూర్ 1977 దాకా లాయల్‌పూరే. తర్వాత సౌదీ రాజు పేరు మీద ఫైసలాబాద్ అయింది. ఇక్కడ కంపెనీ కాగితాల్లో ‘ట్రిపెట్టీ’ అని రాసిన తిరుపతి చాలాముందే బాగుపడింది కానీ, ఇంగ్లీషులో వంకరగా రాసే కడప అక్షరాలు సరిచేయడానికి 2005 దాకా పట్టింది.

చేతులు మారకుండానే

మా వైపు ఇంకో రకం పేరు మార్పు ఉంది. వాయల్పాడును ప్రభుత్వ కాగితాల్లో వాల్మీకిపురం అంటారు. వాల్మీకి తపస్సు చేసిన చోటని స్థలపురాణం. బస్సులో ‘వాల్మీకిపురం ఒకటి’ అని టికెట్ అడిగితే కండక్టర్ ఒకసారి తలెత్తి చూస్తాడు, ఈయన ఈ ఊరివాడు కాడని. 2022లో జిల్లాలు విడగొట్టేటప్పుడు ముసాయిదాలో మా జిల్లాకు శ్రీ బాలాజీ జిల్లా అని పేరు పెట్టారు. బాలాజీ ఉత్తరాది భక్తులు స్వామిని పిలుచుకునే పేరు. మాకు ఆయన ఏడుకొండలవాడు, వెంకన్న. చివరికి ఏప్రిల్‌లో ఏర్పడ్డది తిరుపతి జిల్లాగానే.

పేర్లు ఇష్టమొచ్చినట్టు మార్చకుండా మన దేశంలో ఒక పద్ధతుంది. రాష్ట్రం పేరు మార్చాలంటే పార్లమెంటు చట్టం చేయాలి. ఊరి పేరైతే రాష్ట్రం ప్రతిపాదించాలి, కేంద్ర హోం శాఖ సరేననాలి, అంతకుముందు రైల్వే, తపాలా, సర్వే శాఖలను అడగాలి. ఈ నియమాలు 1953 నాటివి. గట్టి కారణం లేకుండా జనానికి అలవాటైన పేరు మార్చొద్దని, చరిత్ర ఉన్న పేర్లను వీలైనంతవరకు కదిలించొద్దని, ఊరి అభిమానం కోసమో భాష కోసమో మాత్రమే మార్చొద్దని అందులో ఉంది. ఆంధ్ర రాష్ట్రం పుట్టిన ఏడాదే ఆ నియమాలు రావడం నాకు ఊరికే జరిగినట్టు అనిపించదు. భాష పేరు మీద గీతలు గీస్తే తర్వాత బోర్డుల మీదికే వస్తారని ఢిల్లీలో ఎవరో ముందే ఊహించి ఉండాలి. ఆ తర్వాత ఎంతమంది పాటించారన్నది వేరే కథ.

బాధ అంతా కాగితంలోనే ఉంది. నోటికి రెండు పేర్లతో ఇబ్బంది లేదు, కాగితానికి ఒకటే కావాలి. మా బావ తిరుగుతున్నది అందుకే. ఈసీ, అంటే ఆ నేల మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, తీయాలంటే ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ ఊరు అని గడులు నింపాలి. 1950ల్లో నింపిన గడులకూ ఇప్పటి గడులకూ పొంతన కుదరదు. పేరు మార్చిన రోజే పాత పేరూ కొత్త పేరూ పక్కపక్కన పెట్టి ఒక పట్టిక అచ్చేసి అన్ని రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో గోడకు తగిలిస్తే సగం తిప్పట తగ్గేది. పేరు మార్చడం మీద ఉండే హుషారు ఆ పట్టిక మీద ఎవరికీ ఉండదు.

తెలుగువాళ్లకు అలాంటి పట్టిక ఒకటి పుట్టుకతో ఉంది, ఇంటిపేరు. మనలో ఎంతోమంది ఇంటిపేర్లు ఊళ్ల పేర్లే. తిరుత్తణిలో పుట్టినాయన సర్వేపల్లి వాడైనట్టు, తరాల కిందట వదిలేసిన ఊరిని పేరు ముందు మోసుకు తిరుగుతాం. పళ్లిపట్టు వీధుల్లో తిరిగితే తెలుగు ఇళ్ల తలుపుల మీద తమిళ లిపిలో రాసిన ఇంటిపేర్లు కనిపిస్తాయి. అక్షరాలు రెట్టింపయి, చివర్లు మారి ఉంటాయి. పైకి చదివితే మనవే.

నేను తిరిగొచ్చే బస్సు నగరిలో ఆగినప్పుడు, నడుముకు పసుపుగుడ్డ కట్టుకున్న ఒక తమిళ పెద్దావిడ ఎక్కబోతూ ఆగింది. “ఇది మేల్ తిరుప్పది పోతుందా?” అని అడిగింది తమిళంలో. కుర్ర కండక్టర్‌కు అర్థం కాలేదు. “తిరుపతే అమ్మా, తిరుపతి,” అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి చెయ్యి పైకెత్తి చూపించింది. నా పక్కన కూర్చున్న ముసలాయన నవ్వి, “కొండకంట రా. ఎగువ తిరుపతి,” అన్నాడు. మా అవ్వ పోయాక ఆ మాట తెలుగులో వినడం అదే మొదటిసారి. మనం ఎప్పుడో వదిలేసి తిరుమల అనడం మొదలుపెట్టాం. వాళ్లు మాత్రం ఇంకా మేల్ తిరుప్పది, కీళ్ తిరుప్పది అనే అంటున్నారు.

“కిందే దించుతాం అవ్వా. ఆడ్నించి ఇంకో బస్సు,” అని కండక్టర్ ఆవిడకు చెయ్యందించాడు.